పది మిల్లీమీటర్లు

రిమోటు కార్లయందు మక్కువగల మిత్రులు నన్ను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: రాళ్లమీద నడపబోయినప్పుడెల్ల బండి పొట్ట నేలకు తగులుచున్నది గదా, ఎంత పొడవుగల డాంపర్లు (కుదుపు నణచు నూనె గొట్టములు) వేసిన అది లేచును? ప్రశ్న చిన్నదే గాని, దానిలో రెండు మూడు ప్రశ్నలు ఒకదానినొకటి పెనవేసికొని యున్నవి. వానిని విడదీయకయే దుకాణమునకు పోయినవాడు, బంగారు రంగు అల్యూమినియపు జతలను చూచి మురిసి, ఇంటికి తెచ్చి బిగించి, బండి మునుపటికన్న సులభముగా పల్టీలు కొట్టుట చూచి, టైర్లను నిందించును.

నేను నడుపుచున్న టమియా సీసీ-01 చాసిసునే యుదాహరణముగా గైకొందము. షిజువోకా నగరమునందలి ఆ జపాను సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో రేడియో కార్ల రంగమున నడుగిడి, 1979లో శాండ్ స్కార్చరు మొదలగు బగ్గీలతో ఇసుకలోనికి దిగినది. 1984నాటి గ్రాస్‌హాపరులో నూనె యన్నది లేక వట్టి స్ప్రింగులే యుండుటచే అది ఎగిరెగిరి పడుచు పోవును, ఆ గంతులే దాని సొగసనువారిలో నేనును ఒకడను. సీసీ-01 ధోరణి వేఱు. పజేరోవంటి జీపు నమూనాలకు ఆధారమైన దీనిలో ముందు చక్రములు వేటికవిగా ఆర్ములపై కదలును. వెనుక మాత్రము లారీలకువలె అడ్డముగా నొకే గట్టి యాక్సిలు, దానిని పట్టియుంచు నాలుగు లింకులు.

వెనుక డాంపరు యాక్సిలుమీదనే నిలుచును గనుక, అక్కడ దాని పొడవు పది మిల్లీమీటర్లు పెంచిన, చక్రమునకును ఇంచుమించుగా అంతే దూరము క్రిందికి దిగు వీలు లభించును. ముందు డాంపరన్ననో ఆర్ము నడుమ నెక్కడనో పట్టుకొనియుండును. అది సరిగా సగములో నున్నదనుకొన్నచో, అవే పది మిల్లీమీటర్లు చక్రమువద్ద ఇరువదియగును. అంతియ కాదు, అక్కడి స్ప్రింగు బిగువు చక్రమువద్ద నాల్గవ వంతుగా మాత్రమే తెలియును, ఏలయన బలము సగమగుచుండగా కదలిక రెట్టింపగుచున్నది. ఒకే పొడవు, ఒకే స్ప్రింగు గల నాలుగింటిని కొని నాలుగు మూలలను బిగించుట కంటికి ముచ్చటయే కాని, బండి మాత్రము ముందొక తీరుగను వెనుకొక తీరుగను ప్రవర్తించును. పైగా ముందు చక్రము మితిమీఱి క్రిందికి దిగినచో, దానికి శక్తి నందించు సన్నని డ్రైవుషాఫ్టు కొన తన కప్పునుండి జాఱి ఊడిపోవుటయు గలదు.

ఇంతకును బండిని ఎత్తునది డాంపరు కాదు. బరువును మోయునది స్ప్రింగు. ఆ స్ప్రింగు తల నానియుండు కాలరును ఎంత క్రిందికి దింపుదుమో, డాంపరువద్ద బండి అంత పైకి లేచును. కాలరు కదలనిచో, ఎంత పొడవు డాంపరు వేసినను నిలుచున్న బండి ఎత్తు మాఱదు. చక్రము గోతిలోనికి ఎంత దూరము దిగగలదన్నదే మాఱును. కాలరును దింపిన స్ప్రింగు గట్టిపడునని పెక్కుమంది తలంతురు గాని, సమమైన చుట్లుగల స్ప్రింగు స్వభావము దానివలన మాఱదు, బండి నిలుచు చోటు మాత్రమే మాఱును. పొట్టి డాంపరు నుంచుకొనియే కాలరుక్రింద స్పేసర్లను పేర్చుచు పోయినచో, బండి లేచుట నిజమే కాని, డాంపరు నిలువెల్ల చాచుకొని యుండుటచే చక్రమునకు క్రిందికి దిగు దారియే మిగులదు. ఎదురు రాయి ఎక్కునప్పుడు ప్రక్క చక్రము గాలిలో వ్రేలాడును. మోటారుసైకిలుపై మనిషి కూర్చొనగానే వెనుకభాగము కొంత క్రుంగునట్లు, ఈ చిన్నబండియు తన బరువుకే కొంత క్రుంగి నిలువవలెను. మొత్తము కదలికలో మూడవ వంతైనను క్రిందికి దిగుటకు విడిచిపెట్టుట నా పద్ధతి.

మఱి యీ యెత్తు దేనికెత్తు? వెనుక యాక్సిలు నడుమ డిఫరెన్షియలు గూడు ఉబ్బియుండును. రాళ్లకు మొదట తగులునది తఱచుగా నదియే. ఎట్టి డాంపరు వేసి కాలరును ఎంత దింపినను చాసిసు లేచునే గాని ఆ గూడు వెండ్రుకవాసియైనను కదలదు, దానిని లేపవలెనన్న టైరు పెద్దది కావలెను. ఈ మాట దుకాణదారులు చెప్పగా నేనింతవఱకు వినలేదు.

నూనె సంగతి వేఱొక శాస్త్రము. టమియా సీవీఏ డాంపరు ప్లాస్టిక్కుదే యైనను, లోపలి పిస్టనుకు ఒకటి, రెండు, మూడు రంధ్రములవి ఎన్నుకొనుటకు వీలుండును. కడ్డీ లోనికి వచ్చినప్పుడు తొలగిన నూనెకు చోటిచ్చుటకు పైన రబ్బరు పొర యుండును. కారుచున్న సీలుగల మెఱుగు లోహపు డాంపరుకన్న ఇదియే మేలని నా నిశ్చితాభిప్రాయము. నూనె పోసిన పిమ్మట పిస్టనును మెల్లమెల్లగా కదలించుచు బుడగలు పైకి వచ్చువఱకు ఓర్చికొనుట యీ వృత్తిలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. ఎంత చిక్కని నూనె పోయవలెనన్నది బండి పరిమాణమునుబట్టి యుండును. పదవ వంతు నమూనాలో బరువు వెయ్యవ వంతునకు దిగును, రెండు టన్నుల జీపు రెండు కిలోలగును. కాని గురుత్వాకర్షణ తగ్గదు గనుక, పది సెంటీమీటర్లనుండి పడుట మీటరునుండి పడుటకన్న మూడింతలకు పైగా త్వరగా ముగియును. చిన్నబండి కదలికలన్నియు అట్లు తొందరపాటువే. చిక్కని నూనెయు ఒంటి రంధ్రపు పిస్టనును వేసినవాని బండి ఆ తొందరకు తాళలేక దెబ్బతగిలినప్పుడు గడ్డకట్టినట్లగును.

ఎత్తునకు మూల్యము కూడ కలదు. చక్రముల నడుమ దూరములో సగము 80 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తును 80 మిల్లీమీటర్లే యైనచో, బండి ప్రక్కవాలున 45 డిగ్రీలవఱకు నిలువవలెను. ఆ నాభిని 15 మిల్లీమీటర్లు పైకి జరిపిన, 40 డిగ్రీలకే పడిపోవును. మెత్తని స్ప్రింగులపై బండి ప్రక్కకు ఒరుగుటచే నిజముగా అంతకు ముందే పడును. అందుచేత బ్యాటరీని వీలైనంత క్రింద నమర్చి, పైన కట్టు జాకీలు, డబ్బాలు మొదలగు అలంకారములను తీసివేయుట మంచిది. అవి ఫొటోలకు పనికివచ్చును.

నా బండికి నేను తుదకు ఎన్నుకొన్నది వెనుక పది మిల్లీమీటర్ల పొడవు హెచ్చైన జత, మెత్తని స్ప్రింగు, రెండు రంధ్రముల పిస్టను, 400 చిక్కదన సంఖ్యగల సిలికోను నూనె. ముందు పాత పొడవే యుంచి, కాలరును కొద్దిగా దింపితిని. సిలికోను నూనె యితర నూనెలకన్న వేడికి తక్కువగానే పలుచబడునందురు గాని, వేసవి మధ్యాహ్నపు బండరాళ్లమీద వెనుకభాగము కొంచెము ఎక్కువగా ఊగుట చూచుచున్నాను. 500కు మార్చవలెనా, పిస్టనును ఒంటి రంధ్రమునకు మార్చవలెనా యనునది వచ్చే ఆదివారము తేల్చవలసియున్నది.