నురుగు పలకకు వంపు: ఒక సలహాపై విమర్శ

ఉప్పాడ ఒడ్డున నిలబడి తెప్పలు సముద్రంలోకి పోవడం చూసినవారు వాటి ముక్కును గమనించే ఉంటారు. విరిగే అలకు ఎదురు వెళ్లేటప్పుడు ముక్కు పైకి వంగి ఉండాలి. తిన్నగా ఉంటే అలలోకి గుచ్చుకొని మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. పూర్వం ఈ వంపును దుంగలు చెక్కి తెచ్చేవారు. ఇప్పుడు ఫైబర్ తెప్పలు వచ్చాయి: లోపల తేలికైన నురుగు, పైన రెసిన్‌తో తడిపి అంటించిన గాజునార బట్ట. అలలపై నిలబడి జారే సర్ఫింగ్ పలక కూడా ఇటువంటిదే. 1958లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురిథేన్ నురుగుతో ఈ పలకలు చేయసాగారు.

ఇంట్లో ఇటువంటి పలక చేసుకొనేవారి మధ్య ఒక సలహా వాడుకలో ఉన్నది. నురుగును చెక్కిన తరువాత వంపు చాలలేదని తెలిస్తే, పలకను బోర్లించి, నడుమ దిమ్మ పెట్టి, రెండు కొనలపై బరువులు ఉంచి, అడుగువైపు బట్ట అంటించండి; రెసిన్ గట్టిపడితే వంపు నిలిచిపోతుంది అని. ఇది అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజంతోనే పలకలు పాడవుతాయి.

ఉపాధ్యాయులు తరగతిలో ఇలా చేసి చూపవచ్చు. ఒకే మందం గల రెండు అట్టముక్కలను ఒకదానిపై ఒకటి పెట్టి, నడుమ 4 సెంటీమీటర్లు లేచేటట్లు వంచి వదలండి. తిన్నగా అవుతాయి. ఈసారి మధ్య జిగురు రాసి, అదే వంపులో ఆరనిచ్చి వదలండి. లెక్క ప్రకారం 3 సెంటీమీటర్లు నిలుస్తుంది, పావువంతు పోతుంది. మూడు ముక్కలైతే పోయేది తొమ్మిదోవంతే. అట్ట మారలేదు, అతుక్కొన్న పొరలు ఒకదానిపై ఒకటి జారలేకపోవడమే కారణం. మనమేమో దృఢత అనగానే యంగ్ గుణకాల పట్టిక అప్పజెప్పించి ఊరుకొంటాం!

పలక సంగతికి వద్దాం. అడుగువైపు మాత్రమే పొర వేసి బరువులు తీశామనుకొందాం. ఆ పొర ఎంత గట్టిదైనా, పలుచనిదైతే, నురుగు దృఢత నాలుగు రెట్లకు మించదు. అనగా తెచ్చిన వంపులో కనీసం పావువంతు వెనక్కు పోతుంది. నురుగు నిదానంగా సర్దుకొంటే నష్టం కొంత తగ్గవచ్చు; దానిని నమ్ముకొని పని చేయలేము. పలక నడుమ నిలువుగా కర్రబద్ద ఉంటే అది కూడా వెనక్కు లాగుతుంది. తరువాత పైవైపు పొర వేస్తే, తగ్గిన వంపే శాశ్వతమవుతుంది. రెండు పొరలూ గట్టిపడేవరకు వంపును పట్టి ఉంచితే మాత్రం దాదాపు అంతా నిలుస్తుంది. పలకను తిరగవేసినప్పుడు కూడా అదే వంపులో పట్టి ఉంచే చట్రం కావాలి. సలహాలో మాట రానిది ఈ చట్రమే. వేలెడు తేడాకు ఇంత శ్రమ తగునేమో గాని, జానెడు తేడా ఉంటే నురుగును మళ్లీ చెక్కుకోవడమే మేలు. పడవలు చేసేవారు వంపును అచ్చులోనే పెట్టుకొంటారు గదా.

మరొక మాట. చవక అని థర్మోకోల్ తెచ్చి పాలియెస్టర్ రెసిన్ పూయకండి. అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించివేస్తుంది. దానికి ఎపాక్సీ రెసిన్ వాడాలి. అది కూడా మన మే నెల ఎండలో చాలా త్వరగా బిగుస్తుంది గనుక, కొద్దికొద్దిగా, తెల్లవారుజామున కలుపుకోవాలి.