ఖడ్గమునకు ముందు ఆతిథ్యము: ఇరాకు యుద్ధముపై క్రైస్తవ వాదనల పరిశీలన

సైనిక జోక్యము, ఉగ్రవాదము, శరణార్థులు అనే మూడు మాటలు గత పాతికేళ్ళుగా ఒకదాని వెంట ఒకటి వినబడుతున్నాయి. అయితే వాటిని గూర్చిన చర్చ మాత్రము మూడు వేర్వేరు చోట్ల జరుగుతున్నది. యుద్ధము చేయవచ్చునా అనే ప్రశ్నను రాజనీతిజ్ఞులు, వేదాంత పండితులు చర్చిస్తారు. ఉగ్రవాదమును గూర్చి భద్రతాధికారులు మాట్లాడతారు. శరణార్థుల సంగతి వచ్చేసరికి దానిని సహాయ సంస్థలకు అప్పగిస్తారు. ఈ విభజనయే చర్చలోని మూలదోషమని మా అభిప్రాయము. ఒక యుద్ధము న్యాయమైనదా కాదా అని తూచేటప్పుడు, దాని వలన ఇల్లు విడిచి పారిపోయేవారిని మొదటనే లెక్కలోనికి తీసుకొనకపోతే ఆ తూకము సరియైనది కాదు. ఈ సంగతిని 2003 నాటి ఇరాకు యుద్ధము ఆధారముగా పరిశీలింపదలచాము. ఆ యుద్ధమును గూర్చి క్రైస్తవులు బైబిలు చేతబట్టుకొని ఇరుపక్షముల వాదించారు. దాని ఫలితమును అనుభవించినవారిలోను క్రైస్తవులు ఉన్నారు.

1. 2002 నాటి లేఖ

2002 అక్టోబరు 3న అమెరికా సదరన్ బాప్టిస్టు నాయకుడు రిచర్డ్ ల్యాండ్ అధ్యక్షుడు జార్జి బుష్‌కు ఒక లేఖ వ్రాశారు. చక్ కోల్సన్, డి. జేమ్స్ కెనడీ, కార్ల్ హెర్బ్‌స్టర్‌లతో పాటు, క్యాంపస్ క్రూసేడ్ స్థాపకునిగా మన సంఘములకు పరిచితుడైన బిల్ బ్రైట్ కూడ దానిపై సంతకము చేశారు. సద్దాం హుస్సేను ప్రభుత్వముపై యుద్ధము సంప్రదాయ న్యాయయుద్ధ సిద్ధాంతమునకు లోబడియున్నదని ఆ లేఖ వాదిస్తుంది. న్యాయమైన కారణము, సదుద్దేశము, చివరి మార్గము, చట్టబద్ధమైన అధికారము, పరిమిత లక్ష్యము, పోరాడనివారికి రక్షణ, గెలుపుపై సహేతుకమైన నిరీక్షణ, నష్టమునకు తగిన ప్రయోజనము అనే కొలతలన్నిటిని అది వరుసగా ప్రస్తావిస్తుంది.

ఈ లేఖను యుద్ధోన్మాదముగా కొట్టివేయుట న్యాయము కాదు. సద్దాం పాలన క్రూరమైనదే. 1988లో హలబ్జాలో విషవాయువుతో కుర్దులను చంపించిన ప్రభుత్వమది. అధికారము చేయవలసిన పనిని నైతిక సూత్రముల క్రింద నిలబెట్టి పరిశీలించుట సంఘము చేయదగిన పనియే. మా ఆక్షేపణ వేరు. లేఖలో నష్టమును తూచిన చోట, ఆలస్యము చేస్తే రాబోవు ప్రాణనష్టమును చూపారు. పోరాడనివారిని గూర్చి వ్రాసిన చోట, తమ సైన్యము పౌరులపై గురిపెట్టదని నమ్మకము తెలిపారు. ప్రాణముతో మిగిలి ఇల్లు లేకుండా పోయేవాడు ఈ రెండు లెక్కలలోను లేడు. అతడు చనిపోలేదు గనుక ప్రాణనష్టములోనికి రాడు. అతనిపై ఎవరును గురిపెట్టలేదు గనుక రెండవ కొలత అతనికి అడ్డు నిలువదు.

ఎదుటి పక్షమును కూడ చూడవలెను. అమెరికా కతోలిక బిషప్పుల సభ 2002 నవంబరులో ఈ యుద్ధపు నైతికతను ప్రశ్నించింది. పోపు రెండవ జాన్ పాల్ 2003 మార్చిలో కార్డినల్ పియో లాఘీని వాషింగ్టనుకు పంపించారు. ఇరాకు పౌరుల శ్రమను, ఆ ప్రాంతపు అస్థిరతను వీరు ముందుగానే ప్రస్తావించారు. యుద్ధము మొదలైన వారాలలో భయపడినంత వలస జరుగలేదు. అప్పుడు హెచ్చరించినవారే పొరబడ్డారని అనేకులు తలంచారు.

2. ఆలస్యముగా వచ్చిన లెక్క

అసలు వలస 2006 ఫిబ్రవరిలో సమర్రా పట్టణములోని అస్కరీ మందిరమును పేల్చివేసిన తరువాత వచ్చింది. షియా, సున్నీల మధ్య హత్యాకాండ చెలరేగింది. 2007 నాటికి 40 లక్షలకు పైగా ఇరాకీలు ఇల్లు విడిచారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అంచనా వేసింది. వారిలో సగము మంది స్వదేశములోనే చెదరిపోయారు. తక్కినవారిలో ఎక్కువ మంది సిరియా, జోర్డానులకు చేరారు. యుద్ధమునకు కారణముగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధములు దొరకలేదని 2004లోనే అమెరికా పరిశీలకులు నివేదించియున్నారు.

సంఘమునకు జరిగినది ప్రత్యేకముగా చెప్పవలెను. 2003కు ముందు ఇరాకులో 12 నుండి 15 లక్షల మంది క్రైస్తవులుండేవారని అంచనా. నేడు వారు రెండున్నర లక్షల లోపేనని చెబుతారు. 2008లో మోసుల్ కల్దీయ ఆర్చిబిషప్పు పౌలుస్ ఫరజ్ రహ్హో అపహరింపబడి మృతుడై దొరికారు. 2010 అక్టోబరు 31న బాగ్దాదులోని రక్షణమాత దేవాలయములో ఆరాధన సమయమున ఉగ్రవాదులు చొరబడగా 50 మందికి పైగా చనిపోయారు. 2014 జూలైలో ఇస్లామిక్ స్టేట్ మోసుల్‌లోని క్రైస్తవుల యిండ్లపై ‘నూన్’ అనే అరబీ అక్షరము వ్రాసి, మతము మారండి, పన్ను కట్టండి, లేదా వెళ్ళిపోండి, కాదంటే చావండి అని గడువు పెట్టింది. ఆగస్టులో నీనెవె మైదానములోని కరకోష్ కూడ ఖాళీ అయినది. లక్షకు పైగా విశ్వాసులు ఎర్బిల్ వైపు పారిపోయారు.

ఇవన్నియు ఆ లేఖ వలననే జరిగినవని మేము చెప్పడము లేదు. హంతకుల పాపము హంతకులదే. అయినను 2003 మేలో సైన్యమును రద్దుచేసి, రాజ్యపు గోడలు పడగొట్టిన తరువాత ఆ ఖాళీలోనికి ఎవరు వస్తారనేది ముందుగా అడుగదగిన ప్రశ్న. గెలుపుపై నిరీక్షణ అనే కొలత రాజధాని పట్టుబడిన దినముతోనే ముగిసిపోయింది.

3. పారిపోయినవాడు అనుమానితుడైన విధము

2011 తరువాత ఇరాకీలకు ఆశ్రయమిచ్చిన సిరియనులే శరణార్థులయ్యారు. 2015 సెప్టెంబరులో టర్కీ తీరమున ఒక పసివాని దేహము కొట్టుకొనివచ్చిన చిత్రము చూచి లోకము కన్నీరు పెట్టింది. ఆ సంవత్సరము జర్మనీకి దాదాపు 8 లక్షల 90 వేల మంది శరణు కోరి వచ్చారు. నవంబరు 13న పారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని చంపగా, రెండు నెలలలోనే కన్నీరు అనుమానముగా మారింది. ఉగ్రవాదము నుండి పారిపోతున్నవానినే ఉగ్రవాదిగా చూచుట మొదలైనది.

2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ జారీచేసిన ఉత్తర్వు ఏడు దేశముల వారి రాకను నిలిపివేసింది. వాటిలో ఇరాకు కూడ ఉన్నది. విముక్తి కలిగిస్తామని ఏ దేశములోనికి వెళ్ళారో ఆ దేశస్థునికే తలుపు మూశారు. అమెరికా సైన్యమునకు దుబాసీగా పనిచేసిన ఒక ఇరాకీని న్యూయార్కు విమానాశ్రయములో నిర్బంధించారు. శరణార్థులను చేర్చుకొనుట బైబిలు సంబంధమైన విషయము కాదని సువార్తికుడు ఫ్రాంక్లిన్ గ్రాహం ఆ రోజులలో అన్నారు. యుద్ధము బైబిలు సంబంధమైన విషయమైతే, దాని వలన పారిపోయినవాడు మాత్రము కాకపోవుట ఎట్లు?

అదే ఉత్తర్వు మైనారిటీ మతస్థులకు ప్రాధాన్యమిచ్చింది. క్రైస్తవులకు మేలు కలుగునని అనేకులు సంతోషించారు. అయితే కల్దీయ పాట్రియార్కు లూయిస్ సాకో దానిని కాదన్నారు. ఇట్టి పక్షపాతము తమకును ముస్లిము పొరుగువారికిని మధ్య వైరము పెంచునని ఆయన హెచ్చరించారు. ఎవరికి మేలు చేస్తున్నామని చెప్పారో వారి కాపరియే ఆ మాట అన్నాడని గమనింపవలెను.

4. రోమా 12, 13 కలిపి చదువుట

యుద్ధమును సమర్థించేవారు రోమా 13:4లోని ఖడ్గమును ఎత్తిచూపుతారు. పౌలు ఆ మాట వ్రాయకముందు 12:13లో ఆతిథ్యమును గూర్చి వ్రాశాడు. అక్కడి గ్రీకు పదము ‘ఫిలోక్సెనియా’. దానికి అక్షరార్థము పరదేశిపై ప్రేమ. ఆ వచనములో వాడిన క్రియ ‘దియోకో’, అనగా వెంటాడుట, తరుముట. తరువాతి వచనములో హింసించువారిని దీవించుమని చెప్పినప్పుడును ఇదే క్రియ. లోకము నిన్ను తరుముచుండగా నీవు పరదేశిని ఆదరించుటకై వెంటాడవలెనని పౌలు భావము. ఆతిథ్యమనగా ఇంటికి వచ్చినవానికి భోజనము పెట్టుట మాత్రమే కాదు, ఎదురు వెళ్ళుట. యెషయా 21:14, 15లో ఖడ్గము నుండి పారిపోవువారికి ఎదురుగా నీళ్ళు, రొట్టె తీసుకొనిపోవలెనని తేమా నివాసులకు ఇచ్చిన ఆజ్ఞ కూడ ఇదే. ఓబద్యా 14లో ఎదోమునకు తీర్పు వచ్చినది పారిపోవువారిని అడ్డత్రోవలలో నిలిచి పట్టుకొన్నందుకే.

మరియొక సంగతి. ఈ పత్రిక కొరింథు నుండి వ్రాయబడినదని పండితులు సాధారణముగా అంగీకరిస్తారు. ఆ పట్టణమునకు పౌలు మొదట వచ్చినప్పుడు బస చేసినది అకుల, ప్రిస్కిల్లల యింట. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమా నుండి వెళ్ళగొట్టబడినవారు వారు (అపొ. కార్య. 18:2). రోమా 16లో పౌలు వందనములు చెప్పిన వారిలోను, తమ యింట సంఘమును చేర్చుకొన్న వారిలోను వీరే ఉన్నారు. అధికారమునకు లోబడుమని వ్రాసిన అపొస్తలుడు, ఆ అధికారము తరిమివేసినవారి యింట అన్నము తిన్నవాడు. ఈ సంగతి తెలియకుండ 13వ అధ్యాయమును చదివితే ఖడ్గము మాత్రమే కనబడుతుంది.

న్యాయయుద్ధ సిద్ధాంతమునకు పితరుడుగా ఎంచబడే అగస్టీను సంగతియు అట్టిదే. 410లో రోమా పతనమైనప్పుడు పారిపోయినవారు ఆయన ఉన్న ఉత్తర ఆఫ్రికాకు వచ్చారు. ‘దైవనగరము’ ఆ తరువాత పుట్టిన గ్రంథము. యుద్ధము న్యాయమైనదైనను జ్ఞాని దానిని గూర్చి దుఃఖపడునని ఆయన 19వ పుస్తకములో వాదించాడు. 430లో వాండలులు హిప్పోను ముట్టడించినప్పుడు, పారిపోయి వచ్చిన బిషప్పుల నడుమ ఆయన కన్నుమూశాడు. ఆయన సూత్రములను ఎత్తి వ్రాసేవారు ఆయన దుఃఖమును విడిచిపెట్టారు.

5. ఒక ఆక్షేపణ

యుద్ధము మానినంత మాత్రమున శరణార్థులు లేకుండపోతారా అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 1994 ఏప్రిల్‌లో ర్వాండాలో హత్యాకాండ జరుగుచుండగా ఐక్యరాజ్యసమితి తన దళమును దాదాపు 2,500 నుండి 270కి తగ్గించుటకు నిర్ణయించింది. దాదాపు 8 లక్షల మంది చనిపోయారు. దేవాలయములలో తలదాచుకొన్నవారిని దేవాలయములలోనే నరికారు. ఊరకుండుట కూడ ఒక నిర్ణయమే, దానికిని మూల్యము ఉన్నది.

కనుక మా ప్రతిపాదన యుద్ధవాదులకు మాత్రమే కాదు, శాంతివాదులకును వర్తిస్తుంది. 2013 ఆగస్టు 29న బ్రిటను పార్లమెంటు 285–272 ఓట్లతో సిరియాపై సైనిక చర్యను తిరస్కరించింది. అందుకు తగిన కారణములు ఉండవచ్చును. అయితే పారిపోయి వచ్చినవారిని ఎంతమందిని చేర్చుకొంటామని ఆనాడు నిర్ణయము కాలేదు. రెండేళ్ళ తరువాత అయిదేళ్ళలో 20,000 మందిని తీసుకొంటామన్నారు. అప్పటికి చిన్న దేశమైన లెబనానులో పది లక్షలకు పైగా ఉన్నారు. యుద్ధమునకు ఓటు వేసినను, వ్యతిరేకముగా వేసినను, నీ తలుపు ఎంత తెరుస్తావని చెప్పకుండ వేసిన ఓటు అసంపూర్ణమైన నైతిక వాదమే.

6. మన సంఘముల ముందున్న ప్రశ్న

ఇది దూరదేశపు సంగతి కాదు. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఇరాకుపై సైనిక చర్యను నిందిస్తూ తీర్మానము చేసింది. జూలైలో మన ప్రభుత్వము అక్కడికి సైన్యమును పంపుటకు నిరాకరించింది. అయితే శరణార్థులను గూర్చిన 1951 అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతములో వేలాదిమంది రోహింగ్యాలు సంవత్సరాలుగా నివసిస్తున్నారు. 2017 ఆగస్టు 25 తరువాత మయన్మారు సైన్యము దాడుల వలన 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశములోనికి పారిపోయారు. అదే నెలలో మన దేశములోని రోహింగ్యాలను గుర్తించి పంపివేయవలెనని కేంద్రము రాష్ట్రములను కోరింది. ఇక్కడను చర్చ ఉగ్రవాదముతోనే మొదలై అక్కడనే ఆగిపోయింది.

2019 పౌరసత్వ సవరణ చట్టము పాకిస్తాను, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తానుల నుండి వచ్చిన ఆరు మతముల వారిని పేర్కొన్నది. ఆ వరుసలో క్రైస్తవుల పేరున్నది, ముస్లిముల పేరు లేదు, మయన్మారు అసలే లేదు. మన పేరున్నది గనుక మౌనముగా ఉందామనే శోధన మనకు వస్తుంది. సాకో ఎదుర్కొన్నది ఈ శోధననే. ఆయనకు మనకంటె ఎక్కువ భయకారణములు ఉన్నను ఆయన దానికి లొంగలేదు.

2024 చివరికి లోకములో బలవంతముగా స్థానభ్రంశము చెందినవారు 12 కోట్ల 30 లక్షలకు పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. శరణార్థులలో నూటికి 70 మందికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశములలోనే ఉన్నారు. వారిని మోయుచున్నది యుద్ధమును గూర్చి ఎక్కువగా వాదించే దేశములు కావు.

వేదాంత విద్యార్థులకు న్యాయయుద్ధ సిద్ధాంతము బోధించేటప్పుడు ఆ కొలతలకు మరియొకటి చేర్చవలెనని మేము కోరుచున్నాము. పారిపోవువానికి ఎదురుగా నీళ్ళు తీసుకొనిపోవువారు ఎవరు, ఎన్ని సంవత్సరములు? ఈ ప్రశ్నకు జవాబు లేని చోట ఖడ్గమును దీవించుటకు గాని, ఖడ్గమును నిషేధించి చేతులు కడుగుకొనుటకు గాని సంఘమునకు హక్కు లేదు.