బహుమానపట్టిక కర్తృత్వమునకుఁ బ్రమాణమా?

2023వ సంవత్సరము మార్చి 12వ తేదీని అమెరికాదేశపు చలనచిత్ర అకాడమీవారి బహుమానము 'ఆర్. ఆర్. ఆర్.' అను తెలుఁగుచిత్రములోని 'నాటు నాటు' పాటకు లభించెను. సంగీతకర్త కీరవాణిగారును రచయిత చంద్రబోసుగారును దానిఁ గైకొనిరి. ఆస్కారు అని లోకమున వ్యవహరింపఁబడు నీ బహుమానమును ఇఁకఁ దెలుఁగు సాహిత్యచరిత్రకారులును బేర్కొనవలసినవారే. ఒక కృతి యుత్తమమనుటకుఁ గాని, అది యొకనిదనుటకుఁ గాని యిట్టి పట్టిక యెంతవఱకుఁ బ్రమాణమగును? శాసనమును, వ్రాఁతప్రతిని, ఆశ్వాసాంతగద్యమును పరీక్షింపక నమ్మని మనము బహుమానపట్టికను మాత్ర మేల పరీక్షింపక నమ్మవలయును?

ముందుగా నా సభ పుట్టుక నరయుదము. అకాడమీ 1927లో స్థాపింపఁబడెను. స్థాపకులు ముప్పదియార్గురు. దీనికిఁ బూనుకొన్నవారిలో ముఖ్యుఁడు మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ నడపుచుండిన లూయీ మేయర్. నటులును రచయితలును వేఱుసంఘములు కట్టుకొని యజమానులతోఁ బోరాడకుండునట్లు, తగవు లన్నియు నొక్క కప్పుక్రిందనే తీర్చుకొను నేర్పాటు కావలెనని యాతని యుద్దేశము. బహుమానములు పిదప వచ్చినవి. తొలిసారి యవి యీయఁబడినది 1929 మే 16న. అయినను నటులును రచయితలును 1933లో సొంతసంఘములఁ గట్టుకొనిరి. 'ది ఇన్ఫార్మర్' చిత్రమునకుఁ గథనము వ్రాసిన డడ్లీ నికల్స్, రచయితల సంఘమునకును అకాడమీకిని గల వైరము కారణముగా, 1936లోఁ దనకు వచ్చిన బహుమానమును నిరాకరించెను.

మూలమున వ్యాపారరాజకీయ మున్నంతమాత్రమున ఫలమెల్ల దుష్టమని నేను వాదింపను. రాజాస్థానములందుఁ బుట్టిన కావ్యములలో నుత్తమములు లేవా? నే నడుగునది వేఱు: పట్టికయందలి పేరు సత్యమా, కాదా?

1947లో అమెరికా ప్రతినిధిసభవారి విచారణసంఘ మొకటి, చిత్రపరిశ్రమలోఁ గమ్యూనిస్టు లెవ్వరని ప్రశ్నింపఁ దొడఁగెను. బదులు చెప్ప నొల్లని పదుగురిపై ధిక్కారనేరము మోపఁబడెను. ఆ నవంబరులోనే పెద్దస్టూడియోల యజమానులు కూడి, అట్టివారికిఁ బని యీయమని ప్రకటించిరి. ఆ పదుగురిలో నొకఁడు డాల్టన్ ట్రంబో. ఆతఁడు 1950లోఁ జెఱకుఁ బోయెను. బహిష్కృతుఁడయ్యును ఆతఁడు వ్రాయుట మానలేదు. పేరు పెట్టుకొనుట మాత్రము మానవలసివచ్చెను. 1953లో వెలువడిన 'రోమన్ హాలిడే' కథకు వచ్చిన బహుమానము, తన పేరు నరువిచ్చిన మిత్రుఁడు ఇయాన్ మెక్లెలన్ హంటర్‌కుఁ జెందెను. 1957 మార్చిలో 'ది బ్రేవ్ వన్' కథకు రాబర్ట్ రిచ్ అనువానికి బహుమాన మనిరి. సభలో నా పేరు పిలువఁగా వచ్చినవాఁడు రిచ్ కాఁడు, రచయితల సంఘప్రతినిధి. ఆ పేరు నిర్మాతల మేనల్లునిది, కథ ట్రంబోది.

ఆ యేఁటనే అకాడమీ యొక నిబంధన చేసెను. విచారణసంఘమునకు సాక్ష్యమీయ నిరాకరించినవారు బహుమానమున కనర్హులని దాని సారము. మైకేల్ విల్సన్ వ్రాసిన 'ఫ్రెండ్లీ పర్స్యుయేషన్' కథనము ఎన్నికకు వచ్చియు, ఈ నిబంధనచే రచన యర్హము, రచయిత యనర్హుఁడు అను వింతస్థితి యేర్పడెను. మఱుసటి యేఁడు 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' కథనమునకు బహుమానము ఫ్రెంచినవలాకారుఁడు పియేర్ బూల్ పేర వెలసెను. మూలనవల యాతనిదే. చిత్రకథనము మాత్రము బహిష్కృతులగు విల్సన్, కార్ల్ ఫోర్మన్ అనువారిది. 1959 జనవరిలో నా నిబంధన రద్దయ్యెను.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. ట్రంబో పేరెఱుఁగనివారే యాతని కథను మెచ్చిరి గదా. పేరు మఱుఁగుపడినను గుణమే గెల్చినది. కావున బహుమానము నిష్పక్షపాతమే యని. ఇది బలముగల యాక్షేపము, త్రోసివేయరాదు. కాని యిది సాధించున దేమి? సభ్యులు గుణము నెఱుఁగఁగలరని మాత్రమే. ప్రతి బహుమానమునందును రెండు వాక్యము లిమిడియున్నవి. 'ఈ కృతి యుత్తమము' అనునది యొకటి. 'ఇది యీతని కృతి' అనునది రెండవది. మొదటిది సభ్యుల రుచినుండి పుట్టినది. రెండవది నిర్మాతలు తెరపై వేయించిన పేరునుండి పుట్టినది. ఆ పేరు యజమానుల భయమునకు లోఁబడినది. మొదటి వాక్యమైనను నిర్మలముగా నిలువలేదు. విల్సనువంటివాఁడు అర్హతకే దూరము చేయఁబడినపుడు, మిగిలినవారిలో నొకఁడు గెల్చెననుట కేమి విలువ? ఎన్నికకుఁ బూర్వమే ద్వారమునొద్ద నెన్నిక జరిగిపోయినది. ఈ ద్వారపాలనము రాజకీయములో మిక్కిలి బలమైన భాగము. ప్రచారవ్యయముచే నోట్లు రాఁబట్టుట, 1999లో 'షేక్స్పియర్ ఇన్ లవ్' గెలుపునాఁడు విశేషముగాఁ జర్చింపఁబడినది, దీనికి లోఁబడియే పనిచేయును. మన 'నాటు నాటు'కథయు నిట్టిదే. ఆ యేఁడు భారతదేశము పక్షమున విదేశభాషాచిత్రముల పోటీకిఁ బంపఁబడినది 'ఛెల్లో షో' అను గుజరాతీచిత్రము. పాట వేఱొక ద్వారమునఁ బ్రవేశించెను.

తప్పులు దిద్దఁబడినవి, కాని యెంత యాలసించి! 'ది బ్రేవ్ వన్' బహుమానము ట్రంబోచేతికి 1975లో వచ్చెను. మఱుసటి యేఁడాతఁడు గతించెను. 'రోమన్ హాలిడే' బహుమానము 1993లో నాతని భార్య చేతికి వచ్చెను. విల్సన్, ఫోర్మన్‌ల కర్తృత్వము వా రిరువురును గతించినపిదప నంగీకరింపఁబడెను.

ఇది మనకుఁ గ్రొత్తవిషయము కాదు. క్రీడాభిరామము శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా యని మన పండితులు వాదించుటయు, రంగనాథుని పేర వ్యవహరింపఁబడు రామాయణమును గోన బుద్ధారెడ్డికిఁ జెందించుటయు నెఱిఁగినవిషయములే. కృతిపై నున్న పేరు సాక్ష్యము మాత్రమే, తీర్పు గాదని మనము నేర్చినది యీ వాదములనుండియే. కావున బహుమానమును బేర్కొనువారు మూఁడు పనులు చేయవలయును: ఇచ్చిన సంవత్సరమును జెప్పుట, ఆనాఁటి నిబంధనల నరయుట, పిదపటి దిద్దుబాటును జేర్చుట. దిద్దినపుడు పాతపేరును జెఱిపివేయరాదు. మంచి పరిష్కర్త పాఠాంతరము నడుగునఁ జూపునట్లు, 'రాబర్ట్ రిచ్' అను పేరు సైతము పట్టికలో నిలిచియుండవలయును. ఆ పేరు రచయిత నెఱిఁగింపదు. ఆ రచయితకుఁ బేరు లేకుండఁ జేసిన కాలము నెఱిఁగించును.