తాళం వేసిన వెండి

ఈ వారం ఒక గృహప్రవేశానికి వెళ్లాను. పూజలో పెట్టిన వెండి గ్లాసులు హారతి ఆరకముందే గుడ్డలో చుట్టుకుని బీరువా ఎక్కాయి. మా చేతికి కాఫీ కాగితం కప్పుల్లో వచ్చింది. ఒళ్లు మండింది. నా పాత పాట మీకు తెలిసిందే: వాడని వస్తువు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇలాంటప్పుడు నేను రోమన్లను సాక్ష్యానికి పిలుస్తాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి, పాంపేయి దగ్గర బోస్కోరియాలేలో ఒక ద్రాక్షతోట ఇంటిని పూడ్చేసింది. 1895లో అక్కడ నూరుకు పైగా వెండి వస్తువులు దొరికాయి. చాలావరకు ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో రెండు గ్లాసులంటే నాకు ప్రాణం. ఎత్తు 10 సెంటీమీటర్లు. పైన గులాబీల దండ, కింద చుట్టూ అస్థిపంజరాలు, వాటి పక్కన గ్రీకులో పేర్లు. సుఖమే మేలన్న తత్వవేత్త ఎపిక్యూరస్ ఎముకల చెయ్యి చాచి తాపీగా కేకు అందుకుంటుంటాడు. కాళ్ల దగ్గర పంది ముట్టె పైకెత్తి తన వాటా అడుగుతుంటుంది. ఎదురుగా, నిగ్రహం బోధించిన తత్వవేత్త జీనో వేలు చూపించి మందలిస్తుంటాడు. చచ్చినా వాదన ఆపలేదు! బతికుండగా అనుభవించు, రేపటి సంగతి ఎవరికెరుక అన్నదే గ్లాసు మీది మాటల సారం.

ఇలాంటి గ్లాసులకు వెండి రేకును వెనకనుంచి కొట్టి బొమ్మలు ఉబ్బిస్తారు, మన పెంబర్తివాళ్లు ఇత్తడి రేకు మీద చేసినట్టు. అప్పుడు లోపలంతా గుంతలు పడతాయి, వైన్ మడ్డి పేరుకుంటుంది. అందుకని లోపల నున్నటి గిన్నె ఇంకోటి ఇమిడ్చేవారు. ఊరికే చూసి మురవడానికైతే ఆ రెండో గిన్నె దేనికి? అది తాగేవాడి కోసం, తోమేవాడి కోసం.

వాదం గెలిచానని మీసం మెలేసేలోపు, ఆ వెండి దొరికిన చోటు గుర్తొచ్చింది. భోజనాల గదిలో కాదు, ద్రాక్షరసం తీసే గది తొట్టిలో, బంగారు నాణేలతో పాటు దాచిపెట్టి ఉంది. 1930లో పాంపేయి ‘మెనాండర్ ఇంటి’లో దొరికిన 118 వెండి వస్తువులదీ అదే కథ: నేలమాళిగ, పెట్టె, చుట్టిన గుడ్డలు. బల్లమీద తిరిగిన వెండి చాలామటుకు ఎప్పుడో కరిగి నాణెమో నగో అయిపోయింది. వెండికి ఆ శాపం ఉంది. ఆ నగిషీలనే అచ్చుపోసుకున్న, ఇటలీలోని ఆరెజ్జో ఊరి ఎర్రమట్టి పాత్రలకు ఆ భయం లేదు. వాటి పెంకులు మన పుదుచ్చేరి పక్క అరికమేడులోనూ దొరికాయి. పగిలిన మట్టిని కరిగించి సొమ్ము చేసుకునేదెవరు?

రేపటిని నమ్మొద్దన్న గ్లాసు, రేపటిని నమ్మినవాడు దాచబట్టే మనదాకా వచ్చింది. వస్తువు పక్షాన మాట్లాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను, నిజానికి తాగేవాడి పక్షానే మాట్లాడాను. వస్తువునే అడిగితే బీరువాకే ఓటేస్తుంది.