వేసవి సెలవుల నిశ్శబ్దము

మన కథారచయితలకు ఒక విద్యార్థి మిక్కిలి ప్రియుడు. అతడు కళాశాలలో పరీక్షలు ముగించుకొని, పుస్తకముల పెట్టెతో విజయవాడనుండి బయలుదేరి, గుడివాడ ప్రాంతముననో దివిసీమలోనో యున్న తన గ్రామమునకు చేరును. కాలువగట్టు, మామిడితోపు, అరుగుమీద నులకమంచము, సాయంకాలపు గాలి వరుసగా వర్ణింపబడును. అతని మనస్సు కుదుటపడును; కథ ముగియును. ఇట్టి కథలను చదివి సంతోషించుట తప్పుగాదు. కాని విమర్శకుడు ఒక ప్రశ్న వేయక తీరదు. ఆ విద్యార్థికి లభించిన నిశ్శబ్దము ఎక్కడనుండి వచ్చినది?

చెరకునకు తీపివలె పల్లెకు ప్రశాంతత సహజగుణమని రచయితలు తలంతురు. కృష్ణా డెల్టాను ఎరిగినవారికి ఈ మాట నమ్మశక్యముగాదు. 1855లో విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో దాని స్థానమున ప్రకాశం బరాజు వచ్చిన పిమ్మటను, ఇచ్చటి పల్లెలకు కాలువయే గడియారము. నీరు వదలినప్పుడు నారుమళ్లు, ఊడ్పులు. నీరు ఆగినప్పుడు విరామము. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందే ఊరి చెరువులు నింపుకొందురు. వరికోతలును మినుము పీకుటయు ముగిసి పొలములు బోసిపోవును. అరుగుమీది యువకునికి శాంతముగా తోచునది, కూలివానికి పని దొరకని కాలము. ఇంటిలోపల చూతమన్నచో మామిడికాయలు తరుగుట, కారము దంచుట, ఆవపిండి విసరుట, చింతపండు పిక్కతీయుట, ఎండలో వడియములు పెట్టుట మున్నగు పనులతో స్త్రీలకు ఊపిరి సలుపదు. ఒకే వేసవి ఒకరికి విశ్రాంతి, ఒకరికి పస్తు, ఒకరికి ఇబ్బడి చాకిరి. ఇందులో మొదటిదానినే చూపిన కథ అబద్ధమాడినదని అనను. మూడవవంతు చెప్పి ఊరకున్నది.

మన పెద్ద రచయితలు ఈ సంగతిని ఎరుగకపోలేదు. 1897లో అచ్చై, 1909లో తిరిగి వ్రాయబడిన గురజాడవారి ‘కన్యాశుల్కము’నే చూడుడు. అందులో వెంకటేశము కళాశాల విద్యార్థి గాడు, బడిపిల్లవాడు; అయినను సెలవులకు అగ్రహారము చేరిన చదువరి మన సాహిత్యమున అతనికంటె ప్రసిద్ధుడు లేడు. కొడుకు ఇంగ్లీషుచదువు తల్లికి మురిపెము. ఆ యింటనే అక్క బుచ్చమ్మ బాలవితంతువు. చెల్లెలు సుబ్బిని ముసలివానికి ఇచ్చుటకు తండ్రి బేరమాడుచున్నాడు. తమ్మునికి సెలవు, చెల్లెలికి బేరము! గురజాడవారు ఈ రెంటిని ఒకే చూరుక్రింద నిలిపిరి. అందువలననే మన నవ్వు గొంతులో నిలిచిపోవును.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో 1934లో బహుమతిని పంచుకొన్న రెండు నవలలు వేఱు త్రోవ త్రొక్కినవి. అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’లో కథానాయకుడు చదువును, కళలను, కుటుంబప్రేమను సమన్వయించుకొన్న సంపన్నగృహస్థుల బిడ్డ. అందలి పల్లెటింటి సౌమ్యత మనోహరమే. కాని ఆ సౌమ్యతకు ఆధారమైన భూమిని దున్నినవాని ముఖము మనకు చాలినంతగా కనబడదు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ ఇంకను లోతైనది. సుబ్బన్నపేట క్షీణతను ధర్మారావు కండ్లతో చూపుచు, ఊరు ఒక ధర్మవ్యవస్థయని, అది కూలుచున్నదని ఆ మహాకవి దుఃఖించును. ఆ దుఃఖము నిజమైనది. అయినను ఆ వ్యవస్థ నిలిచియున్న దినములలో దాని అడుగున ఉన్నవారు ఎట్లు నిద్రించిరో అడుగు హక్కు పాఠకునికి ఉన్నది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’లో ఆ ప్రశ్ననే అడిగిరి. అందు పల్లె అరుగుమీదనుండి కాక, వాడనుండి చూడబడినది. కూలివివాదమును కథకు ఆయువుపట్టుగా చేసిన ఆ నవల తరువాత, పల్లెను కేవలము విశ్రాంతిస్థలముగా వర్ణించుట సులభముగా ఉండరాదు.

‘చదువుకొన్న పిల్లవానికి రెండునెలల తీరికకూడ ఉండవద్దా?’ యని కొందఱు అడుగవచ్చును. తప్పక ఉండవలెను. ఏకాంతము లేక విద్య పండదు. పరీక్షలకై పగలు రాత్రి బట్టీపట్టించు మన కాలమున ఆ తీరిక మరింత అవసరము. నా యాక్షేపణ తీరికమీద గాదు. అది ఒక్కనికే దక్కుటమీద. నేడు కుమారునివలె కుమార్తెయు కళాశాలకు పోవుచున్నది. ఆమెయు అదే బస్సులో సెలవులకు వచ్చును. అతనికి అరుగుమీద మంచము. ఆమెకు వంటయింటిలో కత్తిపీట. అతడు పుస్తకము పట్టినచో ‘పాపము, అలసినాడు’ అందురు. ఆమె పట్టినచో ‘పని తప్పించుకొనుచున్నది’ అందురు. ఆమె వేసవిని గూర్చిన కథలు ఎన్ని చదివితిమో లెక్కించుకొన్నచో మన సాహిత్యము ఎవరి మంచముమీద కూర్చుండి వ్రాయబడినదో తెలియును.

తీరికను పదిమందికి పంచవచ్చునని ఈ డెల్టాయే ఒకప్పుడు నిరూపించినది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము ప్రాంతమున పుస్తకములను పడవకెక్కించి, కాలువవెంట పల్లెలకు పంపిరి. పైరునకు నీరు తెచ్చిన కాలువయే చదువరికి పుస్తకమును తెచ్చెను. ఇంతటి కథావస్తువు చేతిలోనుండగా మన రచయితలు మామిడినీడతోనే తృప్తిపడుట వింతగా నున్నది.

కావున పాఠకులు ఇకమీదట ఇట్టి కథను చదువునప్పుడు రెండు ప్రశ్నలు వేయుదురుగాక. విద్యార్థి త్రాగిన మజ్జిగను చిలికినదెవరు? అతడు చూచి మురిసిన పొలమును కోసినవాడు ఈ నెలలో ఏమి తినుచున్నాడు? కథ వీనికి సమాధానము చెప్పనక్కరలేదు. ఆ మనుష్యులు ఉన్నారని ఎరిగియుండిన చాలును. ఎరిగి వ్రాసిన శాంతవర్ణనను మనమును నిండుమనసుతో అనుభవింపవచ్చును.