ఫ్యాను ఆపితే మొదలయ్యే కచేరీ

విజయనగరం మహారాజా సంగీత కళాశాల లాంటి చోట వయొలిన్ నేర్చుకుంటూనే తన శ్రోతల్ని తానే వెతుక్కునే విద్యార్థి పనితనం దగ్గరుండి చూడాల్సిందే.

ఫోనులో రికార్డు చేసేముందు ఫ్యాను ఆగుతుంది. గది మోగకుండా గోడలకు దుప్పట్లు వేలాడతాయి. కమాను రాపిడి తగ్గి నాదం నిండుగా పలికే దూరం దొరికేదాకా ఫోను జరుగుతూనే ఉంటుంది. బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొసను కుడిపాదం మీద ఆనించి, నాలుగు తీగల్నీ స-ప-స-పలకు బిగిస్తారు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తంబుర, రెండో చెవికి సొంత వాద్యం. తోడి గాంధారం ఊగాల్సినంతే ఊగాలి. వేలు వెంట్రుకవాసి జారినా మళ్లీ మొదటికే. చెమటతో వేళ్లు జారితే తుడుచుకుని మరోసారి. నిమిషంన్నర ఆలాపన కోసం ఒక్కోసారి సాయంత్రమంతా గడిచిపోతుంది. ఎంత ఓపిక!

నెట్‌లో పెట్టిన ఆ నిమిషంన్నరే ఎక్కడో రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి తోడవుతుంది.

ఇక ఎదురుగా కూర్చుని వాయించే శ్రీరామనవమి పందిట్లో వినేవాళ్లు పదిమందే కావచ్చు, అందులో సగం పానకం కోసం వచ్చిన పిల్లలే కావచ్చు. అయినా వర్ణం రెండో కాలం అందుకోగానే ముందు వరుసలో ఓ పెద్దావిడ చెయ్యి ఒళ్లోనే ఆదితాళం వేస్తుంది. విద్యార్థి కళ్లు ఆ చేతి మీదే ఉంటాయి.