అణువంత గానుగ

ఎద్దు గానుగను కాసేపు ఓపిగ్గా నిలబడి చూస్తే దాని కిటుకు ఎక్కడుందో తెలుస్తుంది. రోలు కదలదు, భూమిలో లోతుగా పాతి ఉంటుంది. తిరిగేది రోకలి. అదీ నిటారుగా ఉండదు, ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎద్దు చుట్టూ నడుస్తున్నకొద్దీ ఆ వాలు రోలు గోడను ఒక్కోవైపే వంతులవారీగా ఒత్తుకుంటూ పోతుంది. నువ్వులు నలుగుతాయి, నూనె దిగుతుంది. అదే రోకలి నడిమధ్యన నిటారుగా నిలబడి తిరిగితే, ఎద్దు పొద్దస్తమానం నడిచినా నూనె దిగదు. పనితనమంతా ఆ వాలులోనే ఉంది.

ఇలాంటి గానుగలు మన ఒంట్లోనూ ఉన్నాయి. ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కణంలోనూ వేలకు వేలు. ఒక్కొక్కటి సుమారు 20 నానోమీటర్ల ఎత్తు, అంటే మిల్లీమీటరులో యాభై వేలవ వంతు. దాని పేరు ఏటీపీ సింథేజ్. మా చదువు రోజుల్లో మైటోకాండ్రియా కణశక్త్యాగారమనీ, ఏటీపీ శక్తి నగదనీ రాస్తే మార్కులు పడేవి. అణువు, అయాను, ప్రోటాన్, బంధం, ఎంజైమ్, త్వచం, ప్రవణత: ఒక్కో మాటకూ ఒక్కో నిర్వచనం వల్లించాం. అవన్నీ ఒకే యంత్రంలో పక్కపక్కన పనిచేసే సంగతులని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఈ గానుగలో దిగే నూనె సంగతి చూద్దాం. ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అడినిన్ అనే నత్రజని ఉంగరాల జంట, దానికి రైబోజ్ అనే ఐదు కార్బన్ల చక్కెర, ఆ చక్కెరకు తోకలా వరుసగా మూడు ఫాస్ఫేట్లు. చివరి ఫాస్ఫేట్ ఊడితే మిగిలేది ఏడీపీ. దీన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టినవాడు. ఆయన పనితనం కూడా ఇక్కడ చెప్పుకోదగ్గదే. ఫాస్ఫేట్ కంటికి కనబడదు. ఆమ్లంలో దానికి మాలిబ్డేట్ కలిపి, తగిన క్షయకరణి చేరిస్తే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కొలిచి లెక్క తేల్చే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రకటించారు. కండరాల రసంలో ఆ నీలం తేలే తీరు మామూలుగా లేదని గమనించి, దాని వెంటపడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, రెండేళ్లకు ఏటీపీనీ పట్టుకున్నారు. చిన్న రంగు తేడాను పొరపాటని కొట్టిపారేయకపోవడంలోనే ఆయన గొప్పతనం ఉందని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాటను సరిచేసుకోవాలి. ఏటీపీలో "అధిక శక్తి బంధం" ఉందనీ, అది తెగితే శక్తి బయటకు దూకుతుందనీ చాలామంది చదువుకున్నారు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. ఫాస్ఫేట్ ఊడి నీటితో కలిసినప్పుడు ఏర్పడే కొత్త అమరిక మరింత నిలకడైనది. మూడు ఫాస్ఫేట్ల ఋణావేశాల మధ్య ఒత్తిడి తగ్గుతుంది. మొత్తం మీద లాభం మిగులుతుంది. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. కణం తనలోని ఏటీపీ, ఏడీపీల నిష్పత్తిని సమతాస్థితి నుంచి కోట్ల రెట్లు దూరంగా ఎత్తిపట్టి ఉంచుతుంది. ఏటీపీ విలువ ఆ ఎత్తులో ఉంది. ఎత్తిపట్టే పని ఈ గానుగది.

మరి ఎద్దు ఎవరు? ప్రోటాన్లు. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తీసేస్తే మిగిలేది ప్రోటాన్. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి త్వచంలో మెట్లు దిగుతూ ఆక్సిజన్‌ను చేరతాయి. దిగేటప్పుడు వదిలిన శక్తితో అక్కడి ప్రోటీన్లు ప్రోటాన్లను లోపలి మాతృక నుంచి బయటి ఖాళీలోకి తోడిపోస్తాయి. త్వచం కొవ్వు పొర కాబట్టి ఆవేశమున్న ప్రోటాన్ దాన్ని దాటి తిరిగి రాలేదు. శ్రీశైలం ఆనకట్ట వెనక నీళ్లు నిలిచినట్టు ప్రోటాన్లు ఒకవైపు నిలుస్తాయి. ప్రవణత అంటే ఇదే. త్వచానికి అటూఇటూ తేడా 150 మిల్లీవోల్టుల పైచిలుకు. చూడ్డానికి చిన్న అంకే. పొర మందం 5 నానోమీటర్లని గుర్తుచేసుకుంటే, అది మీటరుకు 3 కోట్ల వోల్టుల బిగువు. 1961లో శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దపెద్దవాళ్లే నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆనకట్టకున్న తూము మన యంత్రపు కింది సగం. త్వచంలో కూరుకుపోయి ఉండే ఆ భాగాన్ని ఎఫ్‌-ఓ అంటారు. అందులో ఒక చక్రం, దానికి ఒరుసుకుని కదలని ఒక ప్రోటీన్. చక్రం ఒకే రకం ముక్కలను గుండ్రంగా పేర్చి చేసింది. ముక్క పేరు "సి", పక్కనున్న కదలని ప్రోటీన్ పేరు "ఎ". మనిషిలోనూ ఆవులోనూ చక్రానికి 8 ముక్కలు. ప్రతి ముక్క నడుమున గ్లుటామిక్ ఆమ్లం ఒకటి, ప్రోటాన్ కూర్చునే పీటలాగా.

జాతరలో రంగులరాట్నం ఎక్కినవారికి దీని నడక సులువుగా అర్థమవుతుంది. ఎక్కే చోటూ దిగే చోటూ పక్కపక్కనే ఉంటాయి, కానీ ఎక్కినవాడు దాదాపు పూర్తి చుట్టు తిరిగితేగానీ దిగలేడు. "ఎ" ప్రోటీన్‌లో రెండు సగం దారులు ఉన్నాయి. ఒకటి బయటి నుంచి నడుము దాకా వచ్చి ఆగుతుంది. రెండోది నడుము నుంచి మొదలై మాతృకలోకి తెరుచుకుంటుంది. నేరుగా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి లేదు. ప్రోటాన్ మొదటి దారిలో వచ్చి పీట మీద కూర్చుంటుంది. కూర్చోగానే పీట మీదున్న ఋణావేశం తీరిపోతుంది. ఆవేశం లేని ఆ పీటకు ఇప్పుడు కొవ్వు పొర వైపు తిరగడానికి అభ్యంతరం లేదు. చక్రం ఒక గది జరుగుతుంది. అలా జరిగి జరిగి చుట్టు చివర రెండో దారి ముందుకు వచ్చేసరికి ప్రోటాన్ మాతృకలోకి దిగిపోతుంది. ఖాళీ అయిన పీటకు మళ్లీ ఆవేశం. ఆవేశంతో కొవ్వులోకి వెనక్కి పోలేదు, ముందుకు పోయి కొత్త ప్రోటాన్‌ను ఎక్కించుకోవలసిందే. రెండు దారుల మధ్య "ఎ" ప్రోటీన్‌లో ఒక ఆర్జినైన్ ధనావేశంతో కాపలా ఉంటుంది. ప్రోటాన్ అడ్డదారిన జారిపోకుండా చూస్తుంది. ఒక్క కొవ్వు పొర స్వభావంతో, ఒక్క ఆవేశంతో, చక్రానికి దిశ నిర్ణయించిన తీరు చూస్తే ఏ కమ్మరికైనా ఏ వడ్రంగికైనా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

చక్రం నడినెత్తిన గామా అనే ఇరుసు నిలబడి ఉంది. పురి తిప్పిన తాడులా రెండు పొడవాటి సర్పిలాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉంటాయి. గానుగ రోకలి ఇదే. ఇదీ తిన్నగా లేదు. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క నొక్కు.

రోలు పైన ఉంది, దాని పేరు ఎఫ్‌-1. ఆల్ఫా, బీటా అనే ప్రోటీన్లు మూడేసి చొప్పున, ఒకటి విడిచి ఒకటిగా బత్తాయి తొనల్లా ఇరుసు చుట్టూ అమరి ఉంటాయి. ఆరింటికీ గుంటలున్నా ఏటీపీ తయారయ్యేది బీటాల దగ్గరి మూడింటిలోనే. ఇరుసు తిరిగే కొద్దీ దాని ఉబ్బు ఒక్కో బీటాను వంతులవారీగా తోస్తుంది. ఆ తోపుకు గుంట ఆకారం మారుతుంది. గుంటకు మూడు స్థితులు. ఒకసారి తెరుచుకుని ఉంటుంది. ఒకసారి ఏడీపీనీ ఫాస్ఫేట్‌నూ వదులుగా పట్టుకుంటుంది. ఒకసారి బిగించేస్తుంది. ఏ క్షణాన చూసినా మూడు గుంటలూ మూడు వేర్వేరు స్థితుల్లో ఉంటాయి.

బిగించినప్పుడు బలవంతంగా అతికిస్తుందేమోనని అనుకుంటాం కదా, చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త పాల్ బోయర్ నీటిలోని బరువైన ఆక్సిజన్-18 ఐసోటోపు ఫాస్ఫేట్‌లోకి ఎలా చేరుతోందో లెక్కలు తీసి, 1973లో వేరే మాట చెప్పాడు. బిగిసిన గుంటలో నీటికి చోటు కొలిచినట్టు ఉంటుంది, ప్రతి ఆవేశానికీ ఎదురుగా దానికి తగ్గ అమైనో ఆమ్లం ఉంటుంది. అక్కడ ఏడీపీ, ఫాస్ఫేట్ కలిసి ఏటీపీ కావడానికీ, ఏటీపీ విడిపోవడానికీ మొగ్గు దాదాపు సమానం. బయటి నీటిలో అసాధ్యమనిపించే బంధం ఆ గుంటలో అలవోకగా పడుతుంది. కష్టం తర్వాత వస్తుంది: తయారైన ఏటీపీని గుంట వదలదు. పాకం ఉండ చుట్టడం చేతనైనవారికి తెలుసు, చుట్టడం కంటే చేతికి అంటినదాన్ని విడిపించుకోవడమే పని. ఇరుసు తిప్పే బలంలో ఎక్కువ పాలు గుంటను తెరిచి, అంత గట్టిగా పట్టుకున్న ఏటీపీని వదిలించడానికే ఖర్చవుతుంది. నేను ఈ యంత్రం గురించి తెలుసుకున్న వాటిలో ఇంతకంటే అందమైన సంగతి లేదు.

బోయర్ మాటకు సాక్ష్యం 1994లో దొరికింది. ఇంగ్లండులో జాన్ వాకర్ బృందం ఆవు గుండె నుంచి తీసిన ఎఫ్‌-1ను స్ఫటికంగా మార్చి ఎక్స్‌ కిరణాలతో చూసింది. ఒక బీటా గుంటలో ఏటీపీని పోలిన అణువు, ఒకదానిలో ఏడీపీ, మూడోది ఖాళీ. నడుమ వంకర ఇరుసు. 1997లో బోయర్‌కూ వాకర్‌కూ నోబెల్ బహుమతిలో సగం దక్కింది.

చక్రపు పళ్ల లెక్క దగ్గర కాసేపు ఆగాలి. ఇరుసు ఒక చుట్టు తిరిగితే మూడు ఏటీపీలు. చక్రానికి 8 ముక్కలు, అంటే 8 గదులు. 8ని 3 భాగించదు. కింద ఒక గది జరిగితే 45 డిగ్రీలు, పైన ఒక అడుగంటే 120 డిగ్రీలు; రెండూ లయ కలవవు. మనం చేసిన యంత్రమైతే ఇక్కడ పళ్లు అరిగి ఆగిపోయేది. ఇక్కడ ఇరుసుకు సాగే గుణం ఉంది. కింద పడే చిన్న అడుగులు దాన్ని కొద్దికొద్దిగా మెలిపెడతాయి. మెలి చాలినంత కూడగానే పైన ఒక్కసారిగా 120 డిగ్రీల అడుగు పడుతుంది. పాలకూర ఆకులోని హరితరేణువుల్లో ఇదే యంత్రానికి 14 గదుల చక్రం ఉంది. అంటే మనకు ఒక ఏటీపీకి రెండున్నర పైచిలుకు ప్రోటాన్లు ఖర్చయితే, పాలకూరకు నాలుగున్నర పైచిలుకు. సైకిల్ గేరు మార్చినట్టే.

రోలు కదలకుండా భూమిలో పాతి ఉంటుందని మొదట్లో చెప్పుకున్నాం. ఇరుసుతోపాటు తొనలు కూడా తిరిగితే ఒత్తిడే ఉండదు. అందుకే కింది "ఎ" ప్రోటీన్ పక్క నుంచి ఒక కాడ బయటి వైపుగా పైకి వెళ్లి, ఎఫ్‌-1 నెత్తిని పట్టుకుని ఆపుతుంది. ఈ కాడను చాలా బొమ్మల్లో నామమాత్రంగా గీస్తారు, అది అన్యాయం. అది లేనిదే గానుగ లేదు.

ఆక్సిజన్ అందకపోతే ఆనకట్ట ఖాళీ అవుతుంది. అప్పుడు యంత్రం వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీనే తినేస్తూ ప్రోటాన్లను బయటికి తోడగలదు. దాన్ని ఆపడానికి ఐఎఫ్‌-1 అనే చిన్న ప్రోటీన్ బండి చక్రం కింద రాయి పెట్టినట్టు తొనల సందులో దూరి అడ్డుపడుతుంది.

విశ్రాంతిగా పడుకున్న మనిషిలో కూడా రోజుకు 40 కిలోల దాకా ఏటీపీ తయారై ఖర్చవుతుందని పాఠ్యపుస్తకాలు లెక్కగడతాయి. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది సుమారు 100 గ్రాములే. తేడా అంతా ఈ గానుగల తిరుగుడే.

తిరుగుడును కళ్లారా చూసినవాళ్లు జపాన్ శాస్త్రవేత్తలు. 1997లో నోజి, యోషిదా, కినోసిటా బృందం ఎఫ్‌-1ను గాజు పలక మీద తలకిందులుగా అతికించి, ఇరుసు కొనకు మెరిసే ఆక్టిన్ పోగును కట్టింది. పోగు ఎఫ్‌-1 కంటే వంద రెట్లకు పైగా పొడవు. ఏటీపీ పోయగానే అది గడియారం ముల్లుకు ఎదురు దిశలో గిరగిరా తిరగడం సూక్ష్మదర్శినిలో కనిపించింది. 2004లో మరో అడుగు వేశారు. ఇరుసుకు అయస్కాంతపు పూసను కట్టి, చుట్టూ ఏడీపీ, ఫాస్ఫేట్, వాటితోపాటు మిణుగురు పురుగు వెలుగునిచ్చే ఎంజైమ్‌ను ఉంచారు. ఆ ఎంజైమ్ ఏటీపీ ఉంటేనే వెలుగుతుంది. బయటి అయస్కాంతంతో పూసను గడియారం దిశలో తిప్పారు. వెలుగు పెరిగింది.